మనిషి కణాలున్న చుంచెలుక

రాగుల గాదె దగ్గర చుంచెలుక కనబడితే హోసూరు పల్లెల్లో ఎవరైనా కర్ర అందుకుంటారు. అదే జాతికి చెందిన తెల్ల ఎలుకను ప్రయోగశాలలో కంటికి రెప్పలా కాపాడుతారు. దానికి వడగట్టిన గాలి, క్రిములు లేకుండా చేసిన మేత! ఎందుకింత సేవ?

కృష్ణగిరి నుంచి చెన్నై వెళ్ళే దారిలో వేలూరు ఉంది కదా! 1986లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో కొన్ని రక్త నమూనాలను పరీక్షించారు. మద్రాసులో వాటిని సేకరించినది సెల్లప్పన్ నిర్మల అనే వైద్య విద్యార్థిని. ఆమెకు మార్గం చూపినది డాక్టర్ సునీతి సోలమన్. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నదని తొలిసారి తెలిసింది అప్పుడే. అప్పటికి దానికి మందు లేదు.

ఈ వైరస్ మన ఒంటి కావలివాళ్ళనే పట్టుకుంటుంది. తెల్లరక్తకణాలలో సి.డి.4 కణాలనేవి ఉన్నాయి. రోగక్రిములు చొరబడినప్పుడు తక్కిన కణాలను పురికొల్పేవి ఇవే. హెచ్.ఐ.వి. వీటిలో దూరి, పెరిగి, వీటినే నాశనం చేస్తుంది. ఇది ఎలా జరుగుతుందో మొదటి రోజు నుంచి చూడాలంటే మనుషులకు వైరస్ ఎక్కించరాదు కదా! ఎలుకకు ఎక్కిస్తే ఏమీ కాదు. తాళం ఒక ఇంటిది, తాళంచెవి ఇంకొక ఇంటిది అన్నట్లు, ఎలుక కణాలలోనికి ఆ వైరస్ ప్రవేశించలేదు.

చిక్కు విడదీసినది ఒక లోపమున్న ఎలుక. 1983లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మెల్విన్ బోస్మా, ఆయన సహచరులు పుట్టుకతోనే వ్యాధి నిరోధక శక్తి కొరవడిన చుంచెలుకలను గుర్తించారు. చిన్న రోగక్రిమి సోకినా అవి తట్టుకోలేవు. పరాయి కణాలను తోసివేసే బలమూ వాటికి లేదు. 1988లో శాస్త్రజ్ఞులు అటువంటి ఎలుకలలో మనిషి కణాలను నిలబెట్టగలిగారు. తరువాత, బొడ్డుతాడు రక్తం వంటి వాటి నుంచి తీసిన మూలకణాలను ఎలుక పిల్లలకు ఎక్కించడం మొదలైంది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ ఎలుకల రక్తంలో మనిషి తెల్లరక్తకణాలు తిరుగుతాయి. వీటికి 'మానవీకృత ఎలుకలు' అని పేరు. పేరు చూసి అవి మనిషిలా ఆలోచిస్తాయనుకునేరు!

2006లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అక్కిన రమేష్ బృందం ఇటువంటి ఎలుకలకు హెచ్.ఐ.వి. ఎక్కించింది. వైరస్ వాటి రక్తంలో చాలాకాలం నిలిచింది. మనుషులలో లాగానే సి.డి.4 కణాలు తగ్గిపోయాయి. తరువాతి ప్రయోగాలలో మరొక సంగతి బయటపడింది. మందు ఇచ్చినంతకాలం వైరస్ అణగి ఉన్నది. ఆపితే తిరిగి తలెత్తింది. కొన్ని కణాలలో అది చప్పుడు చేయకుండా దాగి ఉంటుందన్నమాట. రోగులు మందులను ఆపకుండా వాడవలసి రావడానికి కారణమిదే.

అయితే ఎలుకలోని మనిషి కణాలు మన ఒంటిలో వలె చురుకుగా ప్రతిరక్షకాలను తయారుచేయలేవు. అందువల్ల ఎలుకలో పనిచేసిన టీకాను వెంటనే అందరికీ వేయరు. ఇష్టపడి ముందుకు వచ్చిన కొద్దిమంది మనుషులలో మొదట పరీక్షించి చూస్తారు.