వాచీ ముఖాన వ్రాసినది

కాలేజీ చదువు పూర్తి చేసిన పిల్లవాడికి వాచీ కొనిపెట్టడం మన ఇళ్ళల్లో ఆనవాయితీ. ఒకప్పుడు ఇండియాలో హెచ్.ఎం.టి. వాచీతో ఆ ముచ్చట తీరిపోయేది. బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో మొదలైన తయారీ అది. డయలు మీద అంకెలు, మూడు ముళ్ళు, కంపెనీ పేరు తప్ప చదవడానికి మరేమీ వుండేది కాదు. ఇక్కడి దుకాణంలో అద్దాల పెట్టె ముందు నిలబడితే సంగతి వేరు. గుండ్రటి ఇనుప ముద్దలాంటి వాచీ, దాని చుట్టూ అంకెలు చెక్కిన కట్టు, లోపల మూడు చిన్న డయళ్ళు, ప్రక్కన మూడు గుండీలు. ముఖాన ‘క్రోనోగ్రాఫ్’, ‘ఆటోమాటిక్’, ‘డైవర్స్’, ‘200 మీటర్లు’ అంటూ నాలుగైదు మాటలు. అమ్మే మనిషి వాటిని మంత్రాల్లా వల్లిస్తాడు. మనం తల ఊపి బిల్లు చెల్లిస్తాం.

ఆ మాటల్లో కొన్నింటి వెనుక పరీక్ష వుంది, కొన్ని వట్టి అలంకారం. ఏది ఏదో తెలియకపోతే పోయేది డబ్బే అయితే ఇంత వ్రాయనక్కరలేదు. మన పిల్లలు ఫ్లోరిడాకూ హవాయికీ వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నారు. చేతికి పెట్టుకున్నది నగో పనిముట్టో వాళ్ళకైనా తెలిసి వుండాలి.

ముందు ‘మీటర్లు’ అన్న మాట. ‘30 మీటర్లు’ అని వ్రాసి వుంటే ముప్ఫై మీటర్ల లోతుకు దిగవచ్చని ఎవరైనా అనుకుంటారు. అలా కాదు. అది గాజుతొట్టిలాంటి నిశ్చలమైన నీటిలో, కొత్త వాచీకి, కొద్దిసేపు ఆ లోతుకు సమానమైన ఒత్తిడి పెట్టి చూసిన లెక్క. పైగా మామూలు వాచీల్లో ప్రతిదాన్నీ పరీక్షించాలని లేదు. కొన్నింటిని తీసి చూస్తే చాలు. అందుకే తయారీదారులే ఇచ్చే సలహా ఇలా వుంటుంది: 30 మీటర్ల వాచీ చేతులు కడుక్కోవడానికీ వాన తుంపరకూ సరి. 50 అయితే కాస్త ఈదవచ్చు. 100 వుంటే ఈతకొలనులో భయం లేదు. గాలి సిలిండరు వీపున కట్టుకుని మునగాలంటే 200 వుండాలి, దానితోపాటు ‘డైవర్స్’ అన్న మాట కూడా వుండాలి.

ఆ ఒక్క మాట ఖరీదైనది. ఐ.ఎస్.ఓ. 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం 1982లో వచ్చింది, తరువాత 1996లోనూ 2018లోనూ సవరించారు. దాని ప్రకారం ‘డైవర్స్’ అని వ్రాసుకోదలచిన వాచీ కనీసం 100 మీటర్లకు తట్టుకోవాలి. వ్రాసిన లోతు కంటే నాలుగోవంతు ఎక్కువ ఒత్తిడి పెట్టి, అంటే 200 మీటర్ల వాచీకి 250 మీటర్ల ఒత్తిడి పెట్టి, ఒక్కొక్క వాచీనీ విడిగా పరీక్షించాలి. ఉప్పునీటిలో నానబెట్టి చూడాలి. చీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనపడాలి, వాచీ నడుస్తున్నదని కూడా తెలియాలి. కాబట్టి వట్టి ‘200 మీటర్లు’ వేరు, ‘డైవర్స్ 200 మీటర్లు’ వేరు. రెండూ ఒకే కంపెనీ వాచీల మీద ప్రక్కప్రక్కనే కనపడతాయి.

పూర్వం ‘వాటర్‌ప్రూఫ్’ అని ధైర్యంగా వ్రాసేవారు. మన తాతల కాలపు ఫేవర్ లూబా, వెస్టెండు వాచీల ప్రకటనల నాటి మాట అది. నీరు ఎన్నటికీ చొరబడని వాచీ వుండదు గనుక ఆ మాట జనాన్ని మోసగిస్తుందని 1960లలో ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. అప్పటినుంచి ‘వాటర్ రెసిస్టెంట్’ అయింది, అంటే నీటిని అడ్డగించేది అని. ఎంతవరకు, ఎన్నాళ్ళు అన్నది మిగతా ప్రశ్న.

కాలాన్నీ నీటినీ మనవాళ్ళు కలిపే చూశారు. అడుగున సన్నని బెజ్జం వున్న రాగిగిన్నెను నీళ్ళలో తేలనిస్తే, నీరు ఎక్కి అది మునగడానికి పట్టే కాలం ఒక గడియ, ఇరవై నాలుగు నిమిషాలు. గడియారం అన్న మాట ఆ గడియ తోబుట్టువే. నీరు లోపలికి రావడమే ఆ యంత్రానికి ప్రాణం. ఈ వాచీకి అదే చావు.

ఇక చుట్టూ వున్న కట్టు సంగతి. ‘బెజెల్’ అంటారు. మా దృష్టిలో మొత్తం వాచీలో డైవరుకు నిజంగా పనికివచ్చేది ఇదొక్కటే. దాని మీద ఒకచోట చిన్న త్రికోణం, అందులో చీకట్లో వెలిగే చుక్క వుంటాయి. నీళ్ళలోకి దిగేటప్పుడు కట్టు త్రిప్పి ఆ త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడతారు. తరువాత ముల్లు కట్టు మీద ఏ అంకె దగ్గర వుంటే అన్ని నిమిషాలైనట్టు. కూడికలు తీసివేతలు లేవు. చలికి వేళ్ళు కొంకర్లుపోయిన వేళ లెక్కలు చెయ్యమంటే ఎవరికి సాధ్యం?

ఈ కట్టు ఒకవైపే తిరుగుతుంది, గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో. ఎందుకో డాక్టర్లయిన మా పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోనూ కండలోనూ కరుగుతుంది. ఎక్కువసేపు వుండి గబుక్కున పైకి వస్తే, సోడాబుడ్డి మూత తీసినట్టు అది బుడగలు కడుతుంది. దీన్ని ‘బెండ్స్’ అంటారు. సెయింట్ లూయిస్‌లో 1874లో పూర్తయిన ఈడ్స్ వంతెన పునాదులు తవ్విన కూలీలు ఈ జబ్బుతోనే చనిపోయారు. అమెరికా నౌకాదళపు పాత పట్టికల ప్రకారం 60 అడుగుల లోతున 60 నిమిషాలు వుండి మధ్యలో ఆగకుండా పైకి రావచ్చు. 100 అడుగుల లోతున 25 నిమిషాలే. ఇప్పుడు కట్టు దేనికైనా తగిలి అటో ఇటో జరిగిందనుకోండి. గడిచిన కాలం తక్కువగా చూపిస్తే మనిషికి ముప్పు. ఎక్కువగా చూపిస్తే నష్టం లేదు, నాలుగు నిమిషాలు ముందే పైకి వస్తాడు. ఒకవైపే తిరిగే కట్టు పొరపాటు పడినా ఆ రెండో పొరపాటే చేస్తుంది. ఇంత చిన్న వస్తువులో ఇంత పెద్ద వివేకం మేము మరెక్కడా చూడలేదు. (పై అంకెలు పట్టుకుని ఎవరూ నీళ్ళలోకి దిగకండి. అది శిక్షకుల దగ్గర నేర్చుకోవలసిన విద్య.)

ఇలాంటి కట్టుతో పేరుపొందిన వాచీలు 1953లో వచ్చాయి: రోలెక్స్ వారి సబ్‌మెరీనర్, బ్లాంక్‌పాఁ వారి ఫిఫ్టీ ఫాదమ్స్. ఫాదమ్ అంటే రెండు చేతులూ చాపిన వెడల్పు, అచ్చంగా మన ‘బార’. ఆరడుగుల బార చొప్పున యాభై బారలు మూడువందల అడుగులు. మన ఊళ్ళో బావి లోతు చెప్పే పెద్దాయనకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది.

‘క్రోనోగ్రాఫ్’ కథ వేరు. గ్రీకులో క్రోనోస్ అంటే కాలం, గ్రాఫ్ అంటే వ్రాత. కాలలేఖిని అనవచ్చు. 1821లో పారిస్ గుర్రప్పందాల కోసం రియుసెక్ అనే ఆయన చేసిన యంత్రం నిజంగానే డయలు మీద సిరాచుక్క పెట్టేది. సిరా పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచీ కలిసివున్న వాచీ. పై గుండీ నొక్కితే నడుస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, క్రింది గుండీ నొక్కితే సున్నాకు వస్తుంది. ‘క్రోనోమీటర్’ అన్నది పూర్తిగా వేరే మాట. స్విస్ వాచీల్లో పదిహేను రోజులు పరీక్షించి, రోజుకు సగటున 4 సెకన్లు వెనుకకో 6 సెకన్లు ముందుకో మించి తేడా రాదని ధ్రువీకరణ పొందిన యంత్రానికి ఆ పేరు. మొదటిది చేసే పని పేరు, రెండోది పొందిన పట్టా పేరు. అమ్మేవాళ్ళే కొందరు రెండూ కలిపేస్తారు.

ఇక్కడొక చిక్కు మనవాళ్ళ ఇళ్ళల్లో తరచు వస్తుంది. క్రోనోగ్రాఫులో మధ్యనున్న పొడుగాటి సెకన్ల ముల్లు స్టాప్‌వాచీది. అది మామూలుగా కదలకుండా పన్నెండు దగ్గర నిలిచి వుంటుంది. టైముకు సంబంధించిన సెకన్లు చిన్న డయళ్ళలో ఒకదానిలో తిరుగుతుంటాయి. మిగతా రెండూ స్టాప్‌వాచీ లెక్కపెట్టిన నిమిషాలకు, గంటలకు. ఈ సంగతి చెప్పకుండా ఇండియాకు కానుకగా పంపితే, మామగారు మర్నాడే ‘వాచీ ఆగిపోయింది’ అని బజారులో రిపేరు దుకాణానికి పట్టుకెడతారు. అక్కడ దాన్ని విప్పుతారు. ఒకసారి విప్పిన డైవర్ వాచీలో నీరు ఆగుతుందన్న హామీ ఇక లేనట్టే. కానుకతోపాటు రెండు వాక్యాల ఉత్తరం కూడా జతచేస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

తనంత తాను కీ ఇచ్చుకునే ఆటోమాటిక్ క్రోనోగ్రాఫులు అందరికీ ఒకే ఏడు సాధ్యమయ్యాయి, 1969లో. స్విట్జర్లండులో జెనిత్ కంపెనీ, హాయర్-బ్రైట్లింగ్-హామిల్టన్ల జట్టు, జపానులో సైకో పోటీపడి చేశాయి. ఎవరు ముందో ఈనాటికీ వాదించుకుంటారు. ఆ ఏడే క్రిస్మస్ నాడు సైకో క్వార్ట్జ్ వాచీ అమ్మకానికి పెట్టి ముగ్గురి గొప్పనూ చిన్నది చేసింది. ఆ జపాను ఆటోమాటిక్ క్రోనోగ్రాఫు ఒకదాన్ని విలియమ్ పోగ్ అనే వ్యోమగామి 1973లో స్కైలాబుకు తీసుకువెళ్ళాడు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 దెబ్బతిని తిరిగి వచ్చేటప్పుడు, దారి సరిచేసుకోవడానికి ఇంజనును 14 సెకన్లు మండించవలసివచ్చింది. కరెంటు ఆదా కోసం యంత్రాలన్నీ ఆపేసుకున్నారు. ఆ 14 సెకన్లూ జాక్ స్విగర్ట్ చేతి ఒమేగా క్రోనోగ్రాఫుతో లెక్కపెట్టాడు. క్రోనోగ్రాఫును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదని చెప్పడానికే ఇది.

కాని నీటిలో దాని గుండీలే దాని బలహీనత. మామూలు డైవర్ వాచీకి వొంట్లో రంధ్రం ఒక్కటే, కీ ఇచ్చే గుండీ దగ్గర. క్రోనోగ్రాఫుకు మూడు. నీటి లోపల గుండీ నొక్కితే, ఆ కదలికలో రబ్బరు వాషరు ప్రక్కనుంచి నీరు లోపలికి పోవచ్చు. నీటిలోనూ నొక్కదగ్గ గుండీలు కొన్ని కంపెనీలు చేశాయి. వాచీతో వచ్చిన పుస్తకంలో ఆ మాట స్పష్టంగా లేకపోతే, లేనట్టే అనుకోవాలి. చిత్రం చూడండి: డైవింగ్ క్రోనోగ్రాఫని కొంటాం, డైవింగు చేసేటప్పుడు క్రోనోగ్రాఫు ముట్టుకోకూడదు. నీటిలో పని అంతా బయటి కట్టుదే.

మరి గట్టు మీద ఎందుకు పనికివస్తుంది? డయలు అంచున ‘టాకీమీటర్’ వుంటే హైవే మీద వేగం చూడవచ్చు. ఒక మైలురాయి దగ్గర నొక్కి తరువాతి దాని దగ్గర ఆపాలి. 60 సెకన్లకు 60, 55 సెకన్లకు 65. ఇది ప్రక్క సీటులోవారి పని, నడిపేవారిది కాదు. ‘పల్సోమీటర్’ వుంటే నాడి చూడవచ్చు. ముప్ఫై కొట్టుకోవడానికి 25 సెకన్లు పడితే ముల్లు 72 దగ్గర ఆగుతుంది. ‘టెలీమీటర్’ మెరుపుకూ ఉరుముకూ మధ్య దూరం చెబుతుంది, మైలుకు సుమారు ఐదు సెకన్లు. కాఫీ డికాషనుకూ కుక్కరుకూ ఏ గుర్తులూ అక్కరలేదు.

‘హీలియమ్ వాల్వ్’ అనేది మరో గొప్ప మాట. 1960లలో అమెరికా నౌకాదళం సీలాబ్ అనే ప్రయోగాల్లో మనుషుల్ని రోజుల తరబడి సముద్రం అడుగున ఇళ్ళలో వుంచింది. అక్కడ పీల్చే గాలిలో హీలియమ్ కలుపుతారు. ఆ సూక్ష్మమైన అణువులు వాచీలోకి దూరి, పైకి వచ్చేటప్పుడు బయటపడే దారి లేక అద్దాన్ని ఎగరగొట్టేవి. ఆ బాధ తప్పించడానికి పెట్టిన కవాటం అది. వారాంతంలో పిల్లలతో వాటర్ పార్కుకు వెళ్ళే మన ఇంజనీరుకు దానితో ఏం పని? వున్నా నష్టం లేదు. దానికోసం అదనంగా డబ్బు మాత్రం ఇవ్వకండి.

పాత వాచీలు సేకరించే సరదా వున్నవారికి ఒక హెచ్చరిక. చీకట్లో వెలిగే రంగు ఒకప్పుడు రేడియమ్‌తో చేసేవారు. న్యూజెర్సీలోని ఆరెంజ్ ఊళ్ళో కుంచెను పెదవులతో మొనదేర్చి డయళ్ళకు ఆ రంగు వేసిన ఆడపిల్లలు దవడలు కుళ్ళి చనిపోయారు. వారిలో ఐదుగురు దావా వేస్తే 1928లో రాజీ కుదిరింది. ఆ రంగు వెలగడం మానేసినా రేడియమ్ చావదు. అది సగమవడానికే 1600 ఏళ్ళు పడుతుంది. గారాజ్ సేల్‌లో కొన్న అలాంటి వాచీ వెనుక మూత వంటింటి బల్ల మీద విప్పకండి. తరువాత వాడిన ట్రిటియమ్ 12 ఏళ్ళలో సగమవుతుంది. 1990ల నుంచి వాడుతున్న రంగు వెలుతురును దాచుకుని వెలిగేదే, దానిలో ప్రమాదం లేదు.

ఈనాడు డైవర్లు ఎక్కువమంది నమ్ముకునేది మణికట్టు కంప్యూటరును. 1983 నుంచీ అమ్మకానికి వున్నాయవి, లోతూ కాలమూ రెండూ చూసి లెక్క చెబుతాయి. వాచీ ఇప్పుడు రెండో తోడు. అయినా కొనేవారు కొంటూనే వుంటారు, మాకూ ఆ ఇష్టం వుంది. కొన్నాక చెయ్యవలసినవి కొన్నే. వేడినీళ్ళ స్నానానికి తీసి పక్కన పెట్టండి. వేడీ సబ్బూ రబ్బరు వాషర్లను పాడుచేస్తాయి. సముద్రపు నీటిలో తడిస్తే మంచినీటితో కడగండి. మాల్‌లో పది నిమిషాల్లో బాటరీ మార్చే దుకాణంలో ‘ఒత్తిడి పరీక్ష చేస్తారా’ అని అడగండి. చెయ్యమంటే, ఆ బాటరీ వేసిన రోజునుంచి ఆ వాచీని 200 మీటర్లదిగా కాక చేతులు కడుక్కునేదిగా లెక్కవేసుకోండి. మరచుట్టు వున్న కీ గుండీని తేదీ మార్చాక తిరిగి బిగించారో లేదో చూడండి. నీళ్ళు చేరిన వాచీల్లో చాలావాటికి చరిత్ర ఇంతే: ముప్ఫై రోజుల నెల ముగిసి, తేదీ సరిచేసి, గుండీ బిగించడం మరిచి, కొలనులో దూకడం.