‘ఫౌండేషన్’: కళ్లకు పండగే, కానీ నెక్స్ట్ ఎపిసోడ్ నొక్కబుద్ధి కాలేదు

ఓఎల్ఈడీ టీవీలో ముందు ఏం చూడాలని ఎవరడిగినా నేను చెప్పేది ‘ఫౌండేషన్’ పేరే. 2021లో యాపిల్ టీవీ ప్లస్‌లో మొదలైంది. ఫస్ట్ ఎపిసోడ్‌లో ట్రాంటార్ గ్రహం మీద స్పేస్ ఎలివేటర్ కూలే సీన్ చూస్తే చాలు, డాల్బీ విజన్ సత్తా ఏంటో అర్థమైపోతుంది.

కానీ సీజన్ సగానికి వచ్చేసరికి నా చెయ్యి ఫోన్ మీదకి పోయింది. స్పాయిలర్ వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి. హారీ సెల్డన్‌ని పొడిచి చంపేస్తారు, తర్వాత డిజిటల్ రూపంలో తిరిగొచ్చేస్తాడు. చక్రవర్తి పోతే అదే ముఖంతో ఇంకో క్లోన్ రెడీ. చావుకే విలువ లేనప్పుడు ఎవరి కోసం టెన్షన్ పడాలి? అసిమోవ్ నవలల్లోనూ తరాలు మారిపోతాయి. అయితే అక్కడ ప్రతి కథలో ఓ చిక్కుముడి ఉంటుంది, అది విడేదాకా పుస్తకం వదలం.

విచిత్రం ఏంటంటే, ఇందులో నన్ను కాస్తయినా కూర్చోబెట్టింది లీ పేస్ చేసిన చక్రవర్తి పాత్రే. ఆ క్లోన్ల కథేమో అసలు నవలల్లోనే లేదు!