ఆర్టెమిస్ ఫౌల్: పన్నెండేళ్ల కిడ్నాపర్ పిల్లల నవలకు హీరో ఎలా అయ్యాడు? పాఠకుల మధ్య ఈ గొడవ ఇంకా ఎందుకు తెగలేదు?

పన్నెండేళ్ల కుర్రాడు. సూటు, టై వేసుకుని పెద్దమనిషిలా మాట్లాడతాడు. ఓ మహిళా పోలీసు ఆఫీసర్‌ని కిడ్నాప్ చేసి ఇంట్లో బంధిస్తాడు. టన్ను బంగారం ఇస్తేనే వదిలేస్తానంటాడు.

ఇది క్రైమ్ వార్త కాదు. పిల్లల కోసం రాసిన ఫ్యాంటసీ నవల. పైగా ఆ కిడ్నాపరే ఇందులో హీరో.

ఐర్లాండ్ రచయిత ఓయెన్ కోల్ఫర్ రాసిన 'ఆర్టెమిస్ ఫౌల్' 2001లో వచ్చింది. అప్పటి నుంచి పాఠకుల్లో ఒకటే చర్చ. ఇలాంటి పిల్లాడిని పిల్లలకు హీరోగా చూపించొచ్చా? అతను నిజంగా విలనేనా, లేక విలన్ వేషం వేసుకున్న మామూలు పిల్లాడా? 2020లో సినిమా వచ్చాక ఈ చర్చ మరో మలుపు తిరిగింది.

అసలు కథేంటి?

ఆర్టెమిస్ ఫౌల్ ఐర్లాండ్‌లోని ఓ పాత నేరస్తుల కుటుంబానికి వారసుడు. ఒకప్పుడు కోట్లకు పడగలెత్తిన కుటుంబం అది. రష్యాలో కొత్త వ్యాపారం మొదలుపెట్టబోయిన తండ్రి, అక్కడి మాఫియా ఓడను ముంచేయడంతో కనిపించకుండా పోతాడు. ఆ దిగులుతో తల్లి మతి చలించి మంచం పడుతుంది. కొన్నిసార్లు కన్నకొడుకునే గుర్తుపట్టదు. ఇంత పెద్ద భవంతిలో ఆ పిల్లాడికి తోడుగా మిగిలింది బాడీగార్డ్ బట్లర్, అతని చెల్లెలు జూలియట్ మాత్రమే.

పోయిన ఆస్తిని మళ్లీ సంపాదించాలని ఆర్టెమిస్ ఓ ప్లాన్ వేస్తాడు. ఐరిష్ జానపద కథల్లో వినిపించే ఫెయిరీలు, అంటే మాయాశక్తులున్న జాతులు, నిజంగానే ఉన్నాయని అతనికి తెలుస్తుంది. మనుషుల బాధ పడలేక అవన్నీ భూమి లోపలికి వెళ్లిపోయి, అక్కడ నగరాలు కట్టుకుని బతుకుతుంటాయి. వాటి రహస్యాలన్నీ ఉన్న పవిత్ర గ్రంథం కోసం ఆర్టెమిస్ వియత్నాంలోని హోచిమిన్ సిటీ దాకా వెళ్తాడు. మద్యానికి బానిసైన ఓ ఫెయిరీని అక్కడ పట్టుకుంటాడు. ఆమె తాగిన విస్కీలో ఆమెకు విషంలా పనిచేసే పవిత్ర జలం కలిపానని, విరుగుడు కావాలంటే ఆ గ్రంథాన్ని అరగంట తన చేతికివ్వాలని బేరం పెడతాడు. పేజీలన్నీ ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చి ఆ లిపిని విప్పుకుంటాడు.

ఆ తర్వాత ఫెయిరీల పోలీసు దళంలో కెప్టెన్ అయిన హాలీ షార్ట్‌ని ఎత్తుకొస్తాడు. అక్కడి నుంచి ఫౌల్ భవంతి ఓ యుద్ధభూమి అయిపోతుంది. లోపల పన్నెండేళ్ల పిల్లాడు, బయట అతని కంటే ఎంతో ముందున్న టెక్నాలజీతో ఓ సైన్యం. 'డై హార్డ్' సినిమాలో ఫెయిరీలుంటే ఎలా ఉంటుందో తన నవల అలా ఉంటుందని కోల్ఫర్ చెప్పుకున్నది ఇందుకే.

ఈ ఆలోచన ఎలా పుట్టింది?

కోల్ఫర్ ఐర్లాండ్‌లోని వెక్స్‌ఫర్డ్‌కు చెందిన ఒకప్పటి స్కూల్ టీచర్. కొన్నేళ్లు సౌదీ అరేబియా, ట్యునీషియా, ఇటలీలో కూడా పాఠాలు చెప్పారు. చిన్నప్పుడు చర్చి వేడుక కోసం సూటు వేసుకున్న తన తమ్ముడి ఫొటో చూస్తే, జేమ్స్ బాండ్ సినిమాల్లోని విలన్‌కి బుల్లి వెర్షన్‌లా అనిపించాడని, ఆర్టెమిస్ రూపం అక్కడి నుంచే వచ్చిందని ఆయన చెప్పారు.

రెండో ముడిసరుకు ఐరిష్ జానపద కథలు. ఆ కథల్లో లెప్రికాన్ అనే మరుగుజ్జు దగ్గర బంగారం దాచిపెట్టి ఉంటుంది. దాన్ని పట్టుకున్న మనిషి ఆ బంగారం ఎక్కడుందో చెప్పమని నిలదీస్తాడు. తరతరాలుగా పిల్లలు ఈ కథను నవ్వుతూ విన్నారు. పట్టుకున్నవాడిని తెలివైనవాడన్నారే తప్ప దొంగ అని ఎవరూ అనలేదు.

కోల్ఫర్ చేసిందల్లా కెమెరాను అటువైపు తిప్పడం. ఆ లెప్రికాన్‌కి ఓ పేరు, ఉద్యోగం, పై అధికారి, భయం, కోపం ఇచ్చారు. ఫెయిరీల పోలీసు దళం పేరును కూడా 'లెప్రికాన్' అని పలికేలా పెట్టారు. దాంతో పాత కథలో తెలివి అనిపించిన పని, ఇక్కడ కిడ్నాప్‌గా మారిపోయింది. నవల చుట్టూ నడిచే గొడవకు మూలం ఇదే.

నచ్చినవాళ్లు ఏమంటున్నారు?

పుస్తకాన్ని ఇష్టపడేవాళ్లు ముందుగా చెప్పేది ఆర్టెమిస్ బుర్ర గురించే. అతనికి మంత్రాలు రావు. పరుగెత్తితే నాలుగు అడుగులకే ఆయాసపడతాడు. ఉన్నదల్లా ఆలోచన. చదువులో ముందుండి ఆటల్లో వెనకబడే పిల్లలకు ఇలాంటి హీరో దొరకడం అరుదు.

రెండోది, నవల పాఠకుడికి కూడా పని పెడుతుంది. పేజీల అడుగున ఫెయిరీల లిపిలో ఓ సందేశం నడుస్తూ ఉంటుంది. అది దేని గురించో పుస్తకం చెప్పదు. పెన్సిల్, కాగితం పట్టుకుని ఒక్కో గుర్తును విప్పుకున్న పిల్లలు చాలామంది. కథలో ఆర్టెమిస్ చేసిన పనినే బయట పాఠకుడూ చేస్తాడన్నమాట.

మూడోది నవ్వు. మట్టిని తింటూ సొరంగం తవ్వి, తిన్నదాన్ని వెనక నుంచి వదిలే మల్చ్ డిగమ్స్ అనే మరుగుజ్జు దొంగ వచ్చినప్పుడల్లా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఇదే చోట కొందరు పెద్దలు మొహం చిట్లిస్తారు. అది వేరే సంగతి.

పఫిన్ సంస్థ తన 70 ఏళ్ల సందర్భంగా 2010లో, తాము ప్రచురించిన పుస్తకాల్లో అత్యంత ఇష్టమైనది ఏదో పాఠకులనే ఓటు వేయమంది. గెలిచింది 'ఆర్టెమిస్ ఫౌల్'.

నచ్చనివాళ్ల అభ్యంతరాలేంటి?

అభ్యంతరాలను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. మొదటిది, ఆర్టెమిస్‌కి దగ్గర కావడం కష్టం. అతను ఎవరితోనూ మనసు విప్పడు. మొదటి వంద పేజీలు చదివి, ఈ పిల్లాడు గెలిస్తే నాకేంటి, ఓడితే నాకేంటి అని పక్కన పెట్టేసినవాళ్లున్నారు.

రెండోది, అతను చేసే పనులు ఆటలా ఉండవు. హాలీకి అసలు ఇంజెక్షన్ ఇవ్వకుండానే, మందు ఎక్కించి రహస్యాలన్నీ రాబట్టానని నమ్మిస్తాడు. అందుకు సాక్ష్యంగా చేతి మీద ప్లాస్టర్ కూడా ఉంటుంది. తన జాతికి తానే ద్రోహం చేశానని ఆమె కుంగిపోవాలన్నదే అతని ఉద్దేశం. దెబ్బ కొట్టడం కంటే ఇది క్రూరమని, పదేళ్ల పిల్లాడు దీన్ని చదివి 'భలే ప్లాన్' అనుకుంటే ఏంటి పరిస్థితని తల్లిదండ్రులు అడగడంలో న్యాయం ఉంది.

మూడో అభ్యంతరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇతను విలన్ అన్నారు, తీరా చూస్తే తల్లి కోసం ఏడ్చే పిల్లాడే కదా, మోసం చేశారు అనేవాళ్లు వీళ్లు. ఒకే పుస్తకాన్ని చదివి కొందరు మరీ చెడ్డవాడంటే, మరికొందరు చెడ్డతనం చాలలేదంటున్నారు.

నవలలో రెండో హీరో

ఈ వాదనల్లో ఒక విషయం తరచూ మరుగున పడుతుంది. నవలలో దాదాపు సగం హాలీ షార్ట్ కథ. ఆ దళంలో ఫీల్డ్ డ్యూటీకి ఎంపికైన తొలి మహిళ ఆమె. ఆమె ఓడిపోతే మిగతా ఆడవాళ్లకీ తలుపులు మూసుకుపోతాయి. అందుకే కమాండర్ రూట్ ఆమెతో అందరికంటే కఠినంగా ఉంటాడు. అలాంటి సమయంలోనే ఆమె కిడ్నాప్ అవుతుంది.

పైగా హాలీ ఎవరో వచ్చి కాపాడాలని ఎదురుచూడదు. ఫెయిరీల శక్తి తిరిగి రావాలంటే నది ఒడ్డున ఉండే పాత ఓక్ చెట్టు గింజను తీసి, వేరే చోట మట్టిలో పాతాలి. ఆమె దగ్గర ఓ గింజ మిగిలి ఉంటుంది. కానీ గది నేలంతా కాంక్రీటు. దాంతో మంచాన్నే ఎత్తి నేలకేసి కొట్టి, పగులు వచ్చి కింది మట్టి కనిపించేదాకా వదలదు.

ఆ చోటికి వచ్చేసరికి చాలామంది పాఠకులు తెలియకుండానే ఆమె పక్షాన చేరిపోతారు. రెండు పేజీల తర్వాత ఆర్టెమిస్ కొత్త ఎత్తు వేయగానే మళ్లీ ఇటు వస్తారు. చెడ్డ పనిని చెడ్డదని రచయిత ఎక్కడా వేలు చూపించి చెప్పడు. దెబ్బ తిన్నవాళ్ల గదిలోకి పాఠకుడిని తీసుకెళ్లి కూర్చోబెడతాడు. తీర్పు చెప్పాల్సింది పిల్లలే. ఆర్టెమిస్ అధ్యాయాలు మాత్రమే గుర్తుంచుకున్నవాళ్లకు ఈ పుస్తకం నేరాన్ని మెచ్చుకున్నట్లు కనిపిస్తుంది. రెండూ చదివినవాళ్లకు అలా అనిపించదు.

ముగింపు కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. (ఇంకా చదవనివారు ఈ ఒక్క పేరా వదిలేయొచ్చు.) ఆర్టెమిస్‌కి కోరుకున్న బంగారం దక్కుతుంది. కానీ అందులో సగం హాలీకే తిరిగిచ్చేసి, దానికి బదులుగా తన తల్లిని మామూలు మనిషిని చేయమని అడుగుతాడు. ఇది ప్రేమా, ఇంకో బేరమా? రెండూ అనుకోవచ్చు. క్షమాపణ మాత్రం చెప్పడు.

సినిమా చెప్పిన గుణపాఠం

ఈ నవలను కెన్నెత్ బ్రానా దర్శకత్వంలో డిస్నీ సినిమాగా తీసింది. థియేటర్లలో రావాల్సిన ఈ సినిమా, కరోనా కారణంగా 2020 జూన్‌లో నేరుగా ఓటీటీలో విడుదలైంది. విమర్శకులు పెదవి విరిచారు. పుస్తకాన్ని ప్రేమించినవాళ్లకైతే కోపమే వచ్చింది.

ఎందుకంటే సినిమాలో ఆర్టెమిస్ విలన్ కాదు. అలల మీద సర్ఫింగ్ చేసే హుషారు కుర్రాడు. తండ్రిని ఎవరో ఎత్తుకెళితే కాపాడుకోవడానికి బయల్దేరతాడు. బంగారం మీద ఆశ పోయి, నవలలో లేని ఓ మాయా వస్తువు కోసం వెతుకులాట వచ్చింది. చివర్లో తాను క్రిమినల్ మాస్టర్‌మైండ్‌నని గొప్పగా ప్రకటించుకుంటాడు గానీ, అప్పటిదాకా అతను చేసిన నేరాలేంటో చూసినవాళ్లకు అర్థం కాలేదు.

మరో మార్పు కమాండర్ రూట్ పాత్రది. జూడీ డెంచ్ నటించడంతో ఆ పాత్ర మహిళ అయింది. పెద్ద నటి రావడం ఆనందమే. కానీ పై అధికారే మహిళ అయినప్పుడు, తొలి మహిళగా హాలీ పడిన కష్టానికి అర్థమేముందని పాఠకులు అడిగారు.

పిల్లల హీరో మంచివాడిగా ఉంటేనే సేఫ్ అనుకుని చేసిన మార్పుల్లా ఇవి కనిపిస్తాయి. ఫలితం వేరేలా వచ్చింది. తప్పు తీసేయగానే, ఆ తప్పు నుంచి అతను ఎంత దూరం వస్తాడన్న ప్రశ్న కూడా పోయింది. నవలకు ప్రాణం ఆ ప్రశ్నే.

తర్వాతి పుస్తకాల్లో ఏం జరిగింది?

2001 నుంచి 2012 వరకు మొత్తం ఎనిమిది నవలలు వచ్చాయి. ఆర్టెమిస్, హాలీ మెల్లగా స్నేహితులవుతారు. ఈ మార్పు కొందరికి బాగా నచ్చింది. కొందరికి మాత్రం మొదటి పుస్తకంలోని పొగరుబోతే కావాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఏడో నవలలో ఆర్టెమిస్‌కి జబ్బు చేస్తుంది. అంకెలు లెక్కపెట్టుకుంటూ, నాలుగంటే వణికిపోతూ, ఎవరినీ నమ్మలేని స్థితికి చేరతాడు. ఆ జబ్బుకు ఓ కారణం మాయతో చెలగాటం. రెండోది, పాత నేరాల తాలూకు అపరాధ భావన. మొదటి నవలలో చెప్పని క్షమాపణ ఏళ్ల తర్వాత ఇలా బయటపడిందన్నమాట. విలన్‌కి శిక్షే లేదని మొదటి పుస్తకం మూసేసినవాళ్లు చూడనిది ఇది.

మరి పిల్లలకు ఇవ్వొచ్చా?

మన పిల్లలకు తెలివైన తుంటరి కొత్తేం కాదు. తెనాలి రామకృష్ణుడి కథలు వింటూనే పెరుగుతారు. కాకపోతే ఆ కథల్లో బోల్తా పడేది ఎక్కువగా గర్విష్ఠులు, లోభులు. బోల్తా పడినవాడి బాధ మనకు పట్టదు. ఆర్టెమిస్ చేతిలో చిక్కుకున్నది మాత్రం ఏ పాపం తెలియని హాలీ. తేడా అక్కడుంది.

ఇంగ్లీషు పుస్తకాలు చదివే పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంట్లో ఈ నవల కనిపిస్తే కంగారుపడి దాచేయాల్సిన పనిలేదు. అలాగని చేతిలో పెట్టేసి మర్చిపోయే పుస్తకమూ కాదు. చదవడం అయ్యాక ఒక్క ప్రశ్న అడిగితే చాలు: మంచం ఎత్తి నేలకేసి కొడుతున్నప్పుడు నువ్వు ఎవరు గెలవాలనుకున్నావు?

పిల్లలు వెంటనే జవాబు చెప్పలేక కాసేపు ఆలోచిస్తే, పుస్తకం తన పని చేసినట్టే.