రైలు పట్నం పంపిన రైట్ హాఫ్: లెస్లీ క్లాడియస్

లెస్లీ వాల్టర్ క్లాడియస్ 2012 డిసెంబరు 20న కోల్‌కతాలో కన్నుమూశారు. కాలేయ వ్యాధితో బాధపడుతూ 85 ఏళ్ల వయసులో వెళ్లిపోయిన ఆయన నాలుగు ఒలింపిక్స్ ఆడారు, నాలుగింటి నుంచీ పతకంతోనే తిరిగొచ్చారు. 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్‌లలో స్వర్ణం, 1960 రోమ్‌లో రజతం. నాలుగు ఒలింపిక్ పతకాలున్న భారతీయులు ఇద్దరే. ఆ రెండో వ్యక్తి ఉధమ్ సింగ్ కూడా హాకీ ఆటగాడే. అయినా ధ్యాన్‌చంద్ పేరు తెలిసినంతగా మనవాళ్లకు క్లాడియస్ పేరు తెలియదు. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికలో వస్తుంది, ఎదుటివాడి గోల్‌ను మొదట్లోనే తుంచేసినవాడి పేరు రాదు. క్లాడియస్ చేసింది ఆ రెండో పని.

ఆయన 1927 మార్చి 25న బిలాస్‌పూర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టారు. బిలాస్‌పూర్ అప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పెద్ద కూడలి. అందరూ బీఎన్నార్ అని పిలిచే ఆ రైల్వే తెలుగువారికి పరాయిది కాదు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా వచ్చే దాని లైను వాల్తేరు దాకా సాగేది. రాయపూర్-విజయనగరం మార్గం 1931లో పూర్తయ్యాక మధ్య పరగణాలకు మరో దారి తెరుచుకుంది. ఉద్యోగం వెతుక్కుంటూ ఆ పట్టాల వెంబడి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోనూ బిలాస్‌పూర్‌లోనూ స్థిరపడ్డాయి. ఖరగ్‌పూర్‌లో తెలుగువారి సంఖ్య నేటికీ పెద్దదే.

కాజీపేట, డోర్నకల్ లాంటి జంక్షన్లలో పాత రైల్వే కాలనీలు చూసినవారికి క్లాడియస్ పెరిగిన లోకాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. వరస క్వార్టర్లు, చర్చి, ఇన్‌స్టిట్యూట్, పక్కనే మైదానం. బ్రిటిష్ పాలనలో డ్రైవర్లు, గార్డులుగానూ టెలిగ్రాఫ్, కస్టమ్స్ కొలువుల్లోనూ ఆంగ్లో ఇండియన్లు ఎక్కువగా ఉండేవారు. వారి బడుల్లో, క్లబ్బుల్లో హాకీ రోజువారీ ఆట. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి స్వర్ణం తెచ్చిన భారత జట్టులో సగానికి పైగా వారే. ఆ విజయాన్ని ధ్యాన్‌చంద్ గోల్స్‌తో గుర్తుంచుకోవడం న్యాయమే. ఆ పోటీల్లో గోల్‌కీపర్ రిచర్డ్ ఆలెన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదన్న సంగతినీ దాని పక్కనే గుర్తుంచుకోవాలి.

విచిత్రమేమంటే క్లాడియస్ హాకీలోకి అనుకోకుండా వచ్చారు. ఖరగ్‌పూర్‌లో బీఎన్నార్ తరఫున ఆయన ఆడింది ఫుట్‌బాల్. అక్కడి హాకీ జట్టును నడిపించిన డికీ కార్ 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. 1946లో ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌కు ఆటగాడు తక్కువైతే, గట్టున నిలబడి చూస్తున్న క్లాడియస్‌ను కార్ లోపలికి పిలిచి కర్ర చేతికిచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ కుర్రవాడు ఒలింపిక్ జట్టులో ఉన్నాడు.

అప్పటి హాకీలో ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు, వారి వెనక ముగ్గురు హాఫ్‌లు, ఆ వెనక ఇద్దరు బ్యాక్‌లు, చివర గోల్‌కీపర్ ఉండేవారు. రైట్ హాఫ్ ఎదుటి జట్టు ఎడమ అంచు నుంచి దూసుకొచ్చే ఆటగాడిని ఆపాలి. ఆపగానే బంతిని తన జట్టు కుడివైపు ఫార్వర్డ్‌లకు అందించి దాడి మొదలుపెట్టాలి. హాకీ కర్రకు ఒకవైపే చదునుగా ఉంటుంది, బంతిని ఆ చదును వైపుతోనే ఆడాలి. అందువల్ల కుడిపక్క నుంచి దాడి సాఫీగా సాగుతుంది, దాన్ని మొదలుపెట్టే రైట్ హాఫ్ మీద జట్టు అంతగా ఆధారపడుతుంది. బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టి అక్కడ ఉండటం, అందిన బంతిని ఆలస్యం చేయకుండా సరైనవాడికి తోయడం క్లాడియస్ ప్రత్యేకత. చూసేవారికి అది సులువైన పనిలాగే కనిపించేది. ఆ ఒలింపిక్స్ లెక్కలు మాత్రం వేరే కథ చెబుతాయి. 1948 నుంచి 1960 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో భారత్ 19 మ్యాచ్‌లు ఆడి ఇచ్చుకున్న గోల్స్ ఆరంటే ఆరే. మెల్‌బోర్న్‌లో 38 గోల్స్ కొట్టి ఒక్కటీ ఇవ్వలేదు. గోల్‌కీపర్లు రంగనాథన్ ఫ్రాన్సిస్, శంకర్ లక్ష్మణ్, బ్యాక్ రణధీర్ సింగ్ జెంటిల్‌లకు ఇందులో పెద్ద వాటా ఉంది. ఆ గోడలో క్లాడియస్ ఒక మూలరాయి.

1948 ఆగస్టు 12న వెంబ్లీలో భారత్ 4-0తో బ్రిటన్‌ను ఓడించింది. స్వతంత్ర దేశంగా మనకు అది తొలి ఒలింపిక్ స్వర్ణం, అదీ నిన్నటి పాలకుల గడ్డ మీద. అప్పటికి 21 ఏళ్ల క్లాడియస్‌కు ఆ గెలుపులో ఇంకో అర్థమూ ఉండి ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దేశంలో తమ చోటేమిటో తెలియక వేలాది ఆంగ్లో ఇండియన్లు బ్రిటన్‌కూ ఆస్ట్రేలియాకూ తరలిపోతున్న రోజులవి. జబల్‌పూర్ నుంచి పెర్త్‌కు వలసపోయిన పియర్స్ కుటుంబంలో ఐదుగురు అన్నదమ్ములు ఆస్ట్రేలియా జట్టుకు ఆడారు. ఆ దేశపు హాకీ ఎదుగుదలలో వారి పాత్ర చిన్నది కాదు. మన హాకీ పోగొట్టుకున్నదేమిటో చెప్పడానికి ఆ ఒక్క ఇల్లు చాలు. క్లాడియస్ ఇక్కడే ఉండిపోయారు.

హెల్సింకి ఫైనల్‌లో నెదర్లాండ్స్ మీద 6-1 గెలుపు, అందులో బల్బీర్ సింగ్ కొట్టిన ఐదు గోల్స్ అందరికీ తెలిసినవే. మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ మీద జెంటిల్ గోల్‌తో 1-0 గెలుపు. రోమ్‌కు వెళ్లేనాటికి జట్టు కెప్టెన్ క్లాడియస్. 1928 నుంచి ఒలింపిక్స్‌లో ఓటమే ఎరగని భారత్ 1960 సెప్టెంబరు 9న పాకిస్తాన్‌కు 0-1తో స్వర్ణం వదులుకుంది. నసీర్ అహ్మద్ తొలి నిమిషాల్లోనే కొట్టిన ఆ ఒక్క గోల్ తిరిగి ఇవ్వలేక జట్టు ఆఖరిదాకా పెనుగులాడింది. ముప్పై రెండేళ్ల పరంపర తెగినప్పుడు నాయకుడిగా ఉండాల్సి రావడం ఆయన్ను చివరిదాకా బాధించింది. ఆ ఓటమి భారాన్ని ఆయన ఒక్కడి మీద మోపడం అన్యాయం. పాకిస్తాన్ పన్నెండేళ్లుగా దగ్గరవుతూనే ఉంది, నాలుగేళ్ల కిందటి ఫైనల్లోనే తేడా ఒక్క గోల్.

వంద అంతర్జాతీయ మ్యాచ్‌ల మైలురాయి చేరిన తొలి హాకీ ఆటగాడిగా ఆయనకు పేరుంది. కలకత్తా కస్టమ్స్‌లో ఉద్యోగం చేస్తూ ఆ జట్టుకు చాలా ఏళ్లు ఆడారు. 1971లో పద్మశ్రీ వచ్చింది. కొడుకు రాబర్ట్ 1978 ప్రపంచ కప్‌లో భారత జట్టుకు ఆడి, అదే ఏడాది రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. తండ్రి బాటలో దేశపు చొక్కా తొడిగిన కొడుకును చేతికందిన వయసులో పోగొట్టుకున్న ఆ తండ్రి మరో 34 ఏళ్లు బతికారు.

2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా అక్కడి భూగర్భ రైలు పటంలో స్టేషన్లకు ఒలింపిక్ వీరుల పేర్లు పెట్టారు. ధ్యాన్‌చంద్, రూప్ సింగ్‌లతో పాటు క్లాడియస్ పేరూ ఒక స్టేషన్‌కు దక్కింది. ఆ గౌరవం ఆయన బతికుండగానే అందింది. ఆ డిసెంబరులోనే ఆయన పోయారు. కోల్‌కతా మైదాన్‌లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ ఉన్న వీధిని ఇప్పుడు లెస్లీ క్లాడియస్ సరణి అంటారు.