15 రూపాయల నూడుల్స్, హాస్టల్ కెటిల్, అమ్మ పంపిన ఆవకాయ నూనె

ఈ వారం వీడియో ఒక రోజు లేటు. కావాలనే లేటు చేశా. ఆదివారం రాత్రి దాకా ఆగితే గానీ ఈ టాపిక్‌కి మూడ్ రాదు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఆదివారం రాత్రి అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం చికెన్ పెడతారు, రాత్రికి మెస్ బంద్. నెలలో మొదటి ఆదివారం అయితే బయట బిర్యానీ తింటాం. నాలుగో ఆదివారం అయితే నూడులే గతి. అది కూడా చప్పగా ఉంటే దిగదు కదా, కారంగా కావాలి. మనం పుట్టిందే కారంలో.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక సంగతి చెప్పేస్తా. పోయినేడాది మా రూమ్మేట్ ఒకడు బెట్ కట్టాడు. పేరు చెప్పను, వాడు ఈ వీడియో చూస్తాడు. బాగా కారం ఉండే కొరియన్ ప్యాకెట్లు రెండు, నీళ్లు ముట్టకుండా తినాలి. "తియ్ మామా, రీల్ పెడదాం" అన్నాడు. తీసింది నేనే. మధ్యాహ్నం నుంచి వాడేమీ తినలేదని నాకు తెలుసు. తెల్లారి పదింటికి వాడికి ఇంటర్వ్యూ ఉందనీ తెలుసు. అర్ధరాత్రి దాటాక మొదలైంది కడుపులో మంట, వాంతులు. తెల్లవారుజామున ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్లా. పదింటికి వాడు సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉన్నాడు. ఆ ఇంటర్వ్యూ మళ్లీ రాలేదు. ప్యాకెట్లకి 260 రూపాయలు, క్లినిక్‌కి 700. రీల్‌కి వచ్చిన వ్యూస్ రెండు వందలు కూడా లేవు. తర్వాత నేనే డిలీట్ చేశా. వాడు నన్నేమీ అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఛాలెంజ్ లేదు, లెక్క ఉంది.

ముందు ధర. షాపులో ప్యాకెట్ తీసుకోగానే అందరం ఎం.ఆర్.పి. చూస్తాం. దాని పక్కనే చిన్న అక్షరాల్లో యూనిట్ సేల్ ప్రైస్ అని ఇంకో అంకె ఉంటుంది, గ్రాముకి ఎంత పడుతుందో చెప్పేది. చూడాల్సింది అది. నేను కొన్న మామూలు మసాలా ప్యాకెట్ 70 గ్రాములు, 15 రూపాయలు. గ్రాముకి 21 పైసలు. కొరియన్‌ది 140 గ్రాములు, 130 రూపాయలు. గ్రాముకి 93 పైసలు. నాలుగు రెట్లు పైనే. "అది పెద్ద ప్యాకెట్ కదా" అంటారు. అవును, అందుకే మామూలువి రెండు పెట్టి లెక్కేయండి. 30కి 130. ఇంకో మాట, పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోకండి. ఒక్కోసారి నాలుగు కలిపిన ప్యాక్ కన్నా విడిగా కొన్నవే చవక. మన కిరాణా అన్నకి కూడా ఆ తేడా తెలియకపోవచ్చు, గ్రాము ధర చూస్తే మనకి తెలిసిపోతుంది.

మరి ఆ మిగతా 100 రూపాయలు దేనికి కడుతున్నాం? కారానికా? ఇక్కడే నాకు మతిపోయింది.

బుల్డక్ అని ఉంది కదా, కొరియాలో 2012లో సమ్యాంగ్ వాళ్లు తెచ్చారు. బుల్ అంటే నిప్పు, డక్ అంటే కోడి. మామూలు నల్ల ప్యాకెట్ కారం 4,404 స్కోవిల్ అని చెప్తారు. స్కోవిల్ అంటే మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ ఎంత ఉందో చెప్పే కొలత. మన గుంటూరు సన్నం మిర్చి సుమారు 35,000 నుంచి 40,000. ఇప్పుడు చిన్న లెక్క. ఆ 4,404 సాస్‌ది అనుకుందాం, సాస్ ఒక 40 గ్రాములు ఉంటుంది అనుకుందాం. అంత మంట రావాలంటే గుంటూరు కారం ఎంత కావాలి? సుమారు 5 గ్రాములు. అంటే రెండు చిన్న చెంచాలు. కిలో కారం 350 వేసుకున్నా, రెండు రూపాయలు దాటదు. 130 రూపాయల ప్యాకెట్లో ఉన్న మంట విలువ రెండు రూపాయలు అండీ! గుంటూరు యార్డు మన దగ్గర పెట్టుకుని మనం కారాన్ని దిగుమతి చేసుకుంటున్నాం.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి చెప్తున్నా, ఆ ప్యాకెట్‌లో మంట ఒక్కటే ఉండదు. ఆ నూడుల్ లావుగా, నమిలితే సాగినట్టు ఉంటుంది. గోధుమ పిండికి తోడు టాపియోకా లాంటి పిండి కలుపుతారు. సాస్‌లో తీపి, వెల్లుల్లి, సోయా రుచి అన్నీ ఉంటాయి. ఆ నూడుల్ మీకు ఇష్టమైతే నెలకోసారి కొనుక్కోండి, తప్పేం లేదు. కారం కోసమే అయితే మాత్రం దండగ.

కొనేటప్పుడు ఇంకో రెండు చూడండి. ఒకటి, పచ్చ చుక్కా, బ్రౌన్ త్రికోణమా అని. పేరులో చికెన్ ఉండి లోపల వెజ్ ఉన్నవి ఉన్నాయి, పేరులో ఏమీ లేకుండా లోపల మాంసం ఎక్స్‌ట్రాక్ట్ ఉన్నవీ ఉన్నాయి. శాకాహారులు పేరు నమ్మొద్దు, గుర్తు చూడండి. రెండోది, విదేశీ ప్యాకెట్ అయితే దిగుమతి చేసినవాళ్ల అడ్రసు, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్స్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉండాలి. అది లేకుండా తక్కువకి ఇస్తున్నారంటే వదిలేయండి.

ఇక మంట సంగతి. మన నోటిలో వేడిని కనిపెట్టే ఒక ద్వారం లాంటిది ఉంటుంది, పేరు టి.ఆర్.పి.వి.1. సుమారు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకి చెప్తుంది. కాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. అంటే మిరపకాయ మన నాలుకని కాల్చదు, కాలుతున్నట్టు మెదడుని నమ్మిస్తుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. ఆయన ఒక్కడికే కాదు, స్పర్శ మీద పని చేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. దీంట్లో మనకి పనికొచ్చే ముక్క ఏంటంటే, పొగలు కక్కే నూడుల్స్‌లో కారం వేస్తే ఒకే ద్వారాన్ని రెండూ కలిసి తడతాయి. అదే గిన్నె మూడు నిమిషాలు ఆరనివ్వండి, అదే కారం సగం తగ్గినట్టు అనిపిస్తుంది.

నీళ్లు ఎందుకు పనిచేయవంటే, కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగితే మంటని నోరంతా పూసుకున్నట్టే. పాలు, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని తీసుకుపోతుంది. 10 రూపాయల పెరుగు ప్యాకెట్ పక్కన పెట్టుకుని కూర్చోండి. మా వాడికి ఆ రాత్రి మేం ఇచ్చింది చల్లటి కూల్‌డ్రింక్. ఏం చెప్పమంటారు.

ఇది మా ఒక్క హాస్టల్ గొడవ కాదు. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం మూడు రకాల బుల్డక్ ప్యాకెట్లని షాపుల నుంచి వెనక్కి తీయించింది, కాప్సైసిన్ మోతాదు ఎక్కువైపోయింది, ఒంటికి విషంలా పనిచేయొచ్చు అని. జూలైలో మళ్లీ లెక్క చూసి రెండింటిని రానిచ్చారు, మూడింతల కారం ఉన్నదాన్ని మాత్రం రానివ్వలేదు. చాలామంది నవ్వుకున్నారు. మూడింతలది ఖాళీ కడుపుతో తిన్నవాణ్ణి ఆటోలో పట్టుకుని కూర్చున్న నాకైతే నవ్వు రాలేదు.

సరే, వంట. వంట అంటే పెద్ద మాట. మా హాస్టల్‌లో ఇండక్షన్ స్టవ్ పెట్టనివ్వరు, కెటిల్ ఒక్కటే. చాలామంది కెటిల్‌లోనే నూడుల్స్, మసాలా అన్నీ వేసి ఉడికిస్తారు. వద్దు. నురగ పొంగి బేస్‌లోకి కారుతుంది, అడుగున మసాలా మాడుతుంది, పొద్దున్నే ఆ కెటిల్‌లో కాఫీ పెట్టుకున్నవాడు మిమ్మల్ని తిడతాడు. కెటిల్ పని నీళ్లు మరిగించడం, అంతే.

నిజానికి ఈ నూడుల్స్‌కి అంతే చాలు. జపాన్‌లో 1958లో మొమొఫుకు అందో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ తెచ్చినప్పుడు చేసింది ఏంటంటే, ఉడికిన నూడుల్స్‌ని నూనెలో వేయించడం. వేగేటప్పుడు లోపలి నీరంతా ఆవిరై పోతుంది, ఆ నీరు ఉన్నచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. వేడి నీళ్లు పోయగానే వాటిలోకి దూరిపోతాయి. అంటే మన చేతికి వచ్చేది ఆల్రెడీ ఉడికిందే. మీరు చేసేది నానబెట్టడం.

స్టీల్ టిఫిన్ బాక్స్ తీసుకోండి, మూత గట్టిగా పట్టేది. ప్లాస్టిక్ వద్దు. నూడుల్స్ బిళ్ల విరవకుండా వేసి, సలసల మరిగే నీళ్లు మునిగేదాకా పోసి మూత పెట్టండి. మూడు నుంచి నాలుగు నిమిషాలు. అయిదు దాటిందా, ముద్దే. లావు కొరియన్ నూడుల్‌కి మాత్రం ఒక్కసారి సరిపోదు. నాలుగు నిమిషాల తర్వాత ఆ నీళ్లు ఒంపేసి, మళ్లీ మరిగిన నీళ్లు పోసి ఇంకో నాలుగు నిమిషాలు ఉంచాలి.

అవి నానేలోపు గిన్నెలో సాస్. ఇక్కడ నా రహస్యం, మీ అందరి అలమరాలోనూ ఉన్నదే. ఆవకాయ సీసాలో పైన తేలే నూనె! ఆలోచించండి, కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది అన్నాం కదా. ఆ నూనె నెలల తరబడి గుంటూరు కారంలో, ఆవపిండిలో, వెల్లుల్లిలో నానింది. బయట చిల్లీ ఆయిల్ అని సీసా 200కి అమ్మేది ఇదే పద్ధతి. ఒక చెంచా ఆ నూనె, ప్యాకెట్ మసాలా సగం, చిటికెడు పంచదార లేదా పిజ్జాతో వచ్చి డ్రాయర్లో పడి ఉన్న కెచప్ సాచెట్ ఒకటి, దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి. ఇంకా కారం కావాలంటే అర చెంచా గుంటూరు కారం. అర చెంచాతో మొదలుపెట్టండి, రెండు చెంచాల లెక్క నేను వాదన కోసం చెప్పా. రంగు ఎర్రగా కనపడాలని కారం పోయకండి. రంగుకి వరంగల్ చపాటా మిర్చో, బ్యాడిగి మిర్చో ఉన్నాయి, మంట తక్కువ, ఎరుపు ఎక్కువ.

మసాలా సగమే ఎందుకు? ఉప్పు. రోజుకి సోడియం 2,000 మిల్లీగ్రాములు దాటొద్దు, అంటే 5 గ్రాముల ఉప్పు, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నా చేతిలో ఉన్న ఈ చిన్న ప్యాకెట్ వెనక చూస్తే 800కి పైనే ఉంది. పచ్చడి నూనెలోనూ ఉప్పు ఉంటుంది. రెండూ పూర్తిగా వేస్తే రాత్రంతా నీళ్లు తాగుతూ కూర్చోవాలి.

నూడుల్స్ నీళ్లు మూడు చెంచాలు ఉంచి మిగతాది ఒంపేయండి. ఆ మూడు చెంచాలు సాస్‌లో కలిపితే చిక్కగా అతుక్కుంటుంది. కలిపి, పైన పల్లీల పొడి గుప్పెడు, నిమ్మరసం. కందిపొడి ఉంటే అదీ చల్లండి. ఒక గుడ్డు. కెటిల్‌లో నీళ్లు మరిగాక కడిగిన గుడ్డు మెల్లగా దించి, ఇంకోసారి స్విచ్ నొక్కి, ఆగిపోయాక 12 నిమిషాలు మూత తీయకండి. ఉడుకుతుంది. ఈ ప్యాకెట్ మొత్తంలో ఉన్న ప్రోటీన్ ఆరేడు గ్రాములు, అంతే ప్రోటీన్ ఒక్క గుడ్డులో వస్తుంది. లెక్క చూస్తే నూడుల్స్ 15, గుడ్డు 7, పల్లీలు 4. పెరుగుతో కలిపి 36.

ఇలా చవగ్గా వస్తోంది కదా అని రోజూ ఇదే తినే బ్యాచ్ ఒకటి ఉంది, నోటిఫికేషన్ల సీజన్లో నేనూ అదే చేశా. వారానికి మించి లాగలేరు. ఎసిడిటీ మొదలైతే మిగిల్చిన డబ్బులు మందుల షాపుకే పోతాయి. నాకు ఆదివారం రాత్రి ఒక్కటి చాలు. అల్సర్, గ్యాస్ సమస్య ఉన్నవాళ్లు కారం మానేసి మిగతాదంతా చేసుకోండి, పల్లీల పొడితో అలా కూడా బాగుంటుంది.

ఇందాక షూట్ మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. "ఏం తిన్నావురా?" అంది. మామూలుగా అయితే అన్నం అని చెప్పేసేవాణ్ణి. ఈసారి నూడుల్స్, ఆవకాయ నూనె వేసుకున్నా అని చెప్పా. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత, "నూనె అంతా తీసేస్తే ముక్కలు పాడైపోతాయిరా" అంది. అది నిజమే, నేను మర్చిపోయా. నూనె తీసిన ప్రతిసారీ కొంచెం నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి, సీసాలో పోయండి. ముక్కలు మునిగి ఉండాలి, తడి చెంచా పెట్టకండి.

ఇదిగో, మూడు నిమిషాలు ఆరనిచ్చా. ఇంకా ఆగితే ముద్దయిపోతాయి. మా వాడు కూడా చెంచా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఉంటానండీ.