చుక్కల ముగ్గు నుంచి కంప్యూటరు కళ దాకా
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మీతో ఒక కొత్త విషయం ముచ్చటిద్దామని వచ్చాను. మనం ఎదురుగా నిలబడితే మనల్ని చూసి కదిలే బొమ్మలు, చప్పట్లు కొడితే రంగు మారే దీపాలు, ఇలాంటివాటిని కంప్యూటరు సాయంతో తయారుచేసే కళ ఒకటి ఉంది. దాన్ని ఇంటరాక్టివ్ డిజిటల్ ఆర్ట్ అంటారు. మనం 'స్పందించే కళ' అని చెప్పుకుందాం. దీని గురించి మన నగరంలో అప్పుడప్పుడు ఉపన్యాసాలు, వర్క్‌షాపులు జరుగుతుంటాయి. "అవి చదువుకునే పిల్లలకు గానీ మనకెందుకమ్మా?" అంటారేమో! నేనూ అలా అన్నదాన్నే. అందుకే ఈ ప్రసంగం.

ముందు ఈ కళ ఏమిటో తెలుసుకుందాం. మా గౌలిగూడ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా మూసీ వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి గడియారం మీలో చాలామంది చూసే ఉంటారు. గంట గంటకూ లోపలి నుంచి ఒక బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి వెళ్ళిపోతాడు. ఎదురుగా వందమంది ఉన్నా, ఒక్కరూ లేకపోయినా ఆయన పని ఆయనదే. మనల్ని ఆయన చూడడు.

ఇప్పుడు ఇంకొకటి చూడండి. 1999లో డేనియల్ రోజిన్ అనే కళాకారుడు చెక్కతో ఒక అద్దం చేశాడు. అందులో 830 చిన్న చెక్కముక్కలు. ఒక్కొక్క ముక్క వెనకా ఒక చిన్న మోటారు. మధ్యలో ఎక్కడో దాగిన ఒక కెమెరా. మనం ఎదురుగా నిలబడితే ముక్కలు వాలుతూ లేస్తూ, వెలుగునీడలతో మన ఆకారాన్నే చూపిస్తాయి. మనం చెయ్యెత్తితే అదీ ఎత్తుతుంది. మనం లేకపోతే ఆ బొమ్మ లేదు. గడియారానికీ, ఈ అద్దానికీ తేడా అదే.

ఇలాంటి ప్రతి వస్తువులోనూ మూడు భాగాలు ఉంటాయి. గమనించేది ఒకటి, అంటే కెమెరా, మైకు, వెలుతురును కనిపెట్టే బిళ్ళ వంటివి. లెక్క చూసుకునేది ఒకటి, అది కంప్యూటరు. జవాబు చెప్పేది ఒకటి, అంటే తెర, దీపం, మోటారు, శబ్దం. మన ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయగానే లోపల లైటు వెలుగుతుంది చూడండి, అదే సూత్రానికి చిన్న రూపం. ఈ మూడూ గుర్తుంటే ఎంత పెద్ద ప్రదర్శనకు వెళ్ళినా "ఇది దేన్ని గమనిస్తోంది? ఏం జవాబిస్తోంది?" అని మనమే విప్పి చూసుకోవచ్చు.

ఇక నా సంగతి. మొదటిసారి మా అమ్మాయి పేరు రాయిస్తే ఒక వర్క్‌షాపుకు వెళ్ళాను. తలుపు దగ్గర ఒక అబ్బాయి, పాపం మర్యాదగానే, "పిల్లల్ని దింపడానికి వచ్చారా ఆంటీ?" అని అడిగాడు. హాలు నిండా ఇరవై ఏళ్ళ వాళ్ళు, ఒళ్ళో లాప్‌టాప్‌లు. గంటసేపు అంతా ఇంగ్లీషు. టీ ఇచ్చేటప్పుడు "ఇంట్లో పనుంది బాబూ" అని చెప్పి వచ్చేశాను. నిజానికి ఇంట్లో పనేమీ లేదు. వంట పొద్దున్నే చేసిపెట్టి వెళ్ళాను.

తిరిగి వస్తూ బస్సులో ఒకటే ఆలోచన. పదో తరగతి పాసయ్యాక కాలేజీలో చేరతానంటే మా నాన్నగారు వద్దన్నారు. ఆ మాట పాతికేళ్ళుగా అందరితో చెప్పుకుంటూనే ఉన్నాను. మరి ఆ రోజు నన్ను వెనక్కి పంపిందెవరు? మా వారు వద్దనలేదు. పిల్లలు వద్దనలేదు. ఆ తలుపు దగ్గరి అబ్బాయి కూడా లోపలికి రావద్దనలేదు. నా అంతట నేనే లేచి వచ్చాను. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు, మీతోనే చెబుతున్నాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ ఒక వర్క్‌షాపు ఉందని తెలిసి, ఈసారి నా పేరు నేనే రాయించుకున్నాను. ఆ రోజు పీ5 జేఎస్ అనే సాధనం నేర్పారు. కేసీ రియాస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు 2001లో కళాకారుల కోసం ప్రాసెసింగ్ అనే దాన్ని మొదలుపెట్టారు. 2013లో లారెన్ లీ మెకార్తీ అనే ఆవిడ దాని అడుగుజాడల్లోనే, ఇంటర్నెట్‌లో పనిచేసేలా దీన్ని మొదలుపెట్టారు. డబ్బు కట్టనక్కర్లేదు.

ఇందులో 'సర్కిల్' అని రాసి బ్రాకెట్లలో 200, 200, 50 అని అంకెలు వేస్తే తెర మీద ఒక వృత్తం వస్తుంది. మొదటి రెండు అంకెలూ ఎక్కడ వేయాలో చెబుతాయి, మూడోది ఎంత వెడల్పో చెబుతుంది. మొదటి రెండు అంకెల బదులు 'మౌస్ ఎక్స్', 'మౌస్ వై' అని రాస్తే? ఆ వృత్తం మన చెయ్యి ఎటు కదిలితే అటు వస్తుంది! స్పందించే కళలో మొదటి పాఠం ఇదే.

నాకు మాత్రం వృత్తం బదులు తెరంతా పాములాంటి మరక వచ్చింది. ఎందుకంటే కంప్యూటరు ఆ బొమ్మను సెకనుకు సుమారు 60 సార్లు మళ్ళీ మళ్ళీ వేస్తుంది. ప్రతిసారీ వేసేముందు నేలను తుడవమని చెప్పాలి. నేను చెప్పలేదు. కళ్ళాపి చల్లకుండా నిన్నటి ముగ్గు మీదే ఈవేళ్టి ముగ్గు వేసినట్టయింది.

తర్వాత చుక్కలు వరుసగా పెట్టడం నేర్పారు. వచ్చినవన్నీ చదరంగం గడుల్లా తిన్నగా వచ్చాయి. నేను ఉండబట్టలేక చెయ్యెత్తి, "సందు చుక్క ఎలా పెట్టాలండీ?" అని అడిగాను. ఆ మాట నేర్పేవారికి తెలియదు. నోటు పుస్తకంలో గీసి చూపించాను. '7 చుక్కలు, 4 వరకు సందు చుక్క' అంటే మధ్య వరుసలో 7, పైనా కిందా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. ఆయన కాసేపు ఆలోచించి, వరుస మారినప్పుడల్లా చుక్కల మధ్య ఎడంలో సగం పక్కకు జరపమన్నారు. రాశాం. 37 చుక్కలూ వచ్చి కూర్చున్నాయి! ఒక్క వాక్యంతో ఇన్ని చుక్కలు పెట్టించడాన్నే వాళ్ళు ప్రోగ్రాం అంటారు. ఆ వాక్యం మన అమ్మమ్మలకు తెలుసు.

ఇది నా గొప్ప కాదు. 1974లోనే మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వారితోపాటు కమలా కృతివాసన్ కలిసి, ముగ్గుల అల్లికకు కంప్యూటరు శాస్త్రంలోని వ్యాకరణ సూత్రాలను అన్వయించి వ్యాసం ప్రచురించారు. ఇక వయసు మాటంటారా? హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వేరా మోల్నార్ అనే చిత్రకారిణి 1968లో కంప్యూటరుతో బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. అప్పటికి ఆమెకు 44 ఏళ్ళు. అంతకుముందు నియమాలు కాగితం మీద రాసుకుని చేత్తోనే వేసేవారు. 2023లో, 99 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మీరూ వెళ్ళదలిస్తే కొన్ని సూచనలు. ఉపన్యాసం వినడానికి, వర్క్‌షాపు చేతులతో చేయడానికి. ముందు ఉపన్యాసానికి వెళ్తే భయం తగ్గుతుంది. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్, రాయదుర్గం వైపు 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి చోట్ల ఏ కార్యక్రమాలున్నాయో కనుక్కోండి. పేరు రాయించే ముందే రుసుము ఎంత, లాప్‌టాప్ తెచ్చుకోవాలా, ఏ భాషలో చెబుతారు, ఎన్నింటికి ముగుస్తుంది అని అడగండి. ఒంటరిగా బెరుకనిపిస్తే పక్కింటావిడను వెంటబెట్టుకెళ్ళండి. అర్థంకాని మాటను తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. ఇంటికొచ్చాక రెండు రోజుల్లోగా ఒకసారి చేసి చూడండి, లేకపోతే మరిచిపోతాం.

చేత్తో సామాను బిగించి చూడాలనే సరదా ఉంటే కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది. అక్కడ ఎల్.డి.ఆర్. అని అడిగితే వెలుతురును గుర్తుపట్టే చిన్న బిళ్ళ ఇస్తారు. దానిమీద వెలుతురు పడితే కరెంటు సులువుగా పారుతుంది, నీడ పడితే తగ్గుతుంది. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో అనే చిన్న బోర్డుకు దాన్ని కలిపితే, మనం చెయ్యి అడ్డం పెట్టగానే దీపం వెలిగేలా చేయవచ్చు. అయితే ఒక్క జాగ్రత్త: ఇదంతా కంప్యూటరు తీగ నుంచి వచ్చే 5 వోల్టులతోనే. గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోకండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ హాల్లో నా ఇంగ్లీషు నాకు సాయం రాలేదు, నేనడిగిన ప్రశ్నే సాయం వచ్చింది. మనకు రానిది అక్కడ చాలా ఉంది, నిజమే. వాళ్ళకు రానిది మన దగ్గరా కొంత ఉంది. టీ ఇచ్చే వేళకు లేచి వచ్చేస్తే ఆ రెండూ కలవవు. కాబట్టి చివరిదాకా కూర్చోండి.

సెలవు.