అరచేతిలో బొగ్గు వాగను

1950 ప్రాంతంలో బ్రిటన్ రైళ్ళలో 16 టన్నుల బొగ్గు పట్టే ఇనుప వాగన్లు ఉండేవి. వాటి నమూనా మీ అరచేతిలో ఇముడుతుంది. అసలు వాగనులో ఒక అడుగు నమూనాలో 4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 76వ వంతు. మరి బొగ్గో? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కదా! 76ను 76తోనూ, మళ్ళీ 76తోనూ హెచ్చవేసి భాగించండి. 16 టన్నులు సుమారు 37 గ్రాములవుతుంది! చిటికెన వేలితో ఆపవచ్చు.

అసలు బండి అలా ఆగదు. నమూనా పక్కన పుల్లలాంటి మీట ఉంటుంది. అది చేతిబ్రేకు. అటువంటి వాగన్లలో చాలావాటికి ఇంజనునుంచి పనిచేసే బ్రేకు లేదు. అందుచేత పెద్ద వాలు దిగేముందు బండి ఆపి, కొన్ని వాగన్ల మీటలు కిందికి నొక్కి బిగించేవారు. లేకుంటే వెనుకనున్న బరువు ఇంజనునే తోసుకుపోయేది. నమూనా చేసేటప్పుడు ఆ పుల్లను మాత్రం మరవకండి!